జియోకాషింగ్‌కి ఫోన్ చాలా, విడిగా జీపీఎస్ కొనాలా?

చినుకులఊరు:
మేముండేది సియాటెల్ పక్కన బెల్‌వ్యూలో. తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. పోయిన వేసవిలో జియోకాషింగ్ మొదలుపెట్టాం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఎవరో ఒక డబ్బా దాచి దాని అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు, మనం వెతికి పట్టుకుని లోపలున్న కాగితం మీద పేరు, తేదీ రాసి, డబ్బాని ఎక్కడిదక్కడ పెట్టేసి రావాలి. మొన్న శనివారం టైగర్ మౌంటెన్‌లో ఫోన్ చెయ్యిచ్చింది. పెద్ద పెద్ద సీడర్ చెట్ల కింద నిలబడితే 4 మీటర్లు అంటుంది, రెండడుగులు వేస్తే 19 అంటుంది, బాణం ఒకచోట నిలవదు. చినుకులు పడి స్క్రీన్ మీద మ్యాప్ దానంతటదే జరిగిపోతోంది. చివరికి 38 శాతం ఛార్జింగ్ ఉండగానే చలికి టప్పున ఆరిపోయింది. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగున్నర కాకముందే పొద్దు గూకుతుంది, కిందికి దిగేసరికి చీకటి, బాబు ఏడుపు, మా ఆయన ఆ రోజు రాలేదు, నాకు ఒకటే టెన్షన్. గార్మిన్ ఈట్రెక్స్ లాంటి, చేతిలో పట్టుకునే జీపీఎస్ సెట్ కొందామని నేను, ఫోన్ ఉండగా అది దండగని ఆయన. మీరేమంటారు?

రాళ్ళబాట:
అక్కా, కొనకండి. నేను హైదరాబాద్‌లో ఉంటా, అంతకుముందు నాలుగేళ్ళు కాలిఫోర్నియాలో ప్రతి వారాంతం ఇదే పని. ఫోనైనా ఆ సెట్టైనా పట్టుకునేది అవే ఉపగ్రహాల్ని. ఆరుబయట ఫోన్‌కి 5 మీటర్ల వరకు తేడా మామూలే. తడిసిన కొమ్మల కింద ఏ పరికరమైనా తడబడుతుంది, సిగ్నల్ కొంత ఆకులు మింగేస్తాయి, కొంత మానులకి తగిలి చుట్టు తిరిగి వస్తుంది. డబ్బా దాచినవాళ్ళ పరికరానికీ అదే తేడా. వాళ్ళది ఐదు, మీది ఐదు, అక్కడికే పది. అందుకే 10 మీటర్ల లోపలికి రాగానే ఫోన్ జేబులో పెట్టేసి, నేనైతే ఎక్కడ దాస్తానా అని చుట్టూ చూడాలి. ఒకసారి ముప్పావుగంట వెతికాక నా మొహం ముందే కనిపించింది: వేలెడంత లోహపు గొట్టం, బెరడు రంగు పూసి సన్నతీగతో కొమ్మకే వేలాడదీశారు. మూత తిప్పితే లోపల అగ్గిపుల్లంత సన్నగా చుట్టిన కాగితం, తడిసి గోడకి అంటుకుపోయింది. దాన్ని బయటికి తియ్యడానికి కావాల్సింది ట్వీజర్, జీపీఎస్ కాదు.

పాతచెప్పులు:
రాళ్ళబాట గారూ, ఆవిడ అడిగింది ఒకటి, మీరు చెప్పింది ఒకటి. ఆవిడ బాధ డబ్బా దొరకలేదని కాదు, చీకట్లో పిల్లలు పక్కనుండగా ఫోన్ ఆరిపోయిందని. అడవిలో ఫోన్ ఉన్నది 911కి, అంటే అమెరికాలో అత్యవసర సాయం నంబర్‌కి, చెయ్యడానికి. దాన్నే మ్యాప్‌గా, టార్చిగా, కెమెరాగా వాడి ఖాళీ చేసేస్తే అవసరానికి ఏం మిగులుతుంది? ఈట్రెక్స్ 22ఎక్స్ రెండు ఏఏ సెల్స్ మీద దాదాపు 25 గంటలు నడుస్తుంది, జేబులో ఇంకో జత వేసుకుంటే రెండు రోజులు దిగుల్లేదు. గ్లవ్స్‌తోనే బటన్లు నొక్కొచ్చు. నాది ఒకసారి వాగులో పడింది, తీసి చొక్కాకి తుడుచుకుని అలాగే నడిచా. అసలీ ఆట పుట్టిందే ఈ సెట్ల మీద. 2000 మే 3న ఒరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ అల్మర్ మొదటి బకెట్ దాచినప్పుడు ఏ ఫోన్ ఉంది?

రాళ్ళబాట:
సెట్లు అంతకుముందూ ఉన్నాయి కదండీ, ఆట ఎందుకు పుట్టలేదు? సామాన్యులకి అందే సిగ్నల్‌ని అమెరికా కావాలని చెడగొట్టేది, 100 మీటర్ల వరకు తప్పు చూపేది. ఆ నెల మొదట్లో అది ఆపేశారు, ఆపిన మర్నాడే బకెట్ దాచారు. మార్పు సిగ్నల్‌లో వచ్చింది, సెట్‌లో కాదు. ఇంకోటి, 22ఎక్స్‌లో విడిగా కంపాస్ ఉండదు, నడుస్తుంటేనే దిక్కు తెలుస్తుంది, డబ్బా దగ్గర ఆగి నిలబడితే ఆ బాణాన్ని నమ్మలేం. కంపాస్ కావాలంటే 32ఎక్స్, దానికింకా డబ్బు. మీ సియాటెల్ మౌంటెనీర్స్ క్లబ్ వాళ్ళే 1930ల్లో కొండకి తీసుకెళ్ళాల్సిన పది వస్తువుల జాబితా వేశారు, అందులో కాగితం మ్యాప్, కంపాస్, టార్చి ఉన్నాయి. ముందు ఆ మూడూ సంచిలో వేసుకోండి. ఫోన్‌ని లోపలి జేబులో ఒంటికి ఆనించి పెడితే చలికి ఆరిపోదు, ఒక పవర్ బ్యాంక్ తోడుంటే చాలు.

గోదారిగాలి:
ఇంత గొడవెందుకు, గార్మిన్ ఇన్‌రీచ్ తీసుకోండి. సెల్ సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహం ద్వారా సాయం అడగొచ్చు. న్యూజెర్సీలో మేం అదే వాడతాం.

పాతచెప్పులు:
అక్కడికి మంచిదే, నెలనెలా చందా ఉంటుంది, చూసుకోండి. కానీ సంక్రాంతికి ఇంటికొస్తే మాత్రం బ్యాగులో పెట్టుకుని రావద్దు. అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు, ఇలాంటి మెసేజ్ పరికరాలు మన దేశంలోకి తేవడం నేరం, ఎయిర్‌పోర్టులో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళున్నారు. ఈ ఒక్క విషయంలో రాళ్ళబాట గారూ నాతోనే ఉంటారనుకుంటా.

రాళ్ళబాట:
నూటికి నూరుపాళ్ళు.

చినుకులఊరు:
అందరికీ థాంక్సండీ. నిన్న ఆదివారం మా ఆయన్ని కూడా తీసుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళాం, పొద్దున్నే. నలుగురికీ తల లైట్లు, పవర్ బ్యాంక్, ప్రింట్ తీసిన మ్యాప్. జీపీఎస్ కొనలేదు ఇంకా. 10 మీటర్లు అనగానే ఫోన్ జేబులో పెట్టేశాను, పాప ఫెర్న్ ఆకులు పక్కకి తోసి పడిపోయిన మాను కింద చెయ్యి పెట్టింది, లోపల పచ్చరంగు డబ్బా. కాగితం మీద తమ్ముడి పేరు కూడా తనే రాసింది. ఇప్పుడు సమస్యేంటంటే, మనమూ ఒకటి దాచాలని ఇద్దరూ పట్టుబట్టారు. దానికైనా ఫోన్ చాలా?

పాతచెప్పులు:
దాచడానికైతే కొనండమ్మా. మీరు 15 మీటర్లు తప్పు రాస్తే వచ్చినవాళ్ళందరూ ఆ చుట్టూ మొక్కలన్నీ తొక్కేస్తారు. ఈ సెట్‌లో ఒకే చోటిని పదే పదే కొలిచి సగటు తీసే సదుపాయం ఉంది. అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాల్లో రాస్తాం కదా, ఆ నిమిషాల్లో మూడో దశాంశ స్థానం ఒక్క అంకె మారితే ఉత్తర దక్షిణాలకి దాదాపు 1.85 మీటర్ల తేడా. ఇంకో డబ్బాకి 161 మీటర్ల దూరమైనా ఉందో లేదో కూడా చూసుకోండి.

రాళ్ళబాట:
ఇది ఒప్పుకుంటా, దాచేటప్పుడు సగటు తియ్యాల్సిందే. కానీ సగటు ఫోన్‌తోనూ తియ్యొచ్చు. మూడు వేర్వేరు రోజులు, వేర్వేరు వేళల్లో అదే చోట నిలబడి ఒక్కోసారి పది రీడింగులు రాసుకోండి. పిల్లలకి లెక్కలూ వస్తాయి.

పాతచెప్పులు:
ఆ వానలో మూడు రోజులా! ఎవరి దగ్గరైనా సెట్ అరువు తీసుకోండి, ఒక్క పూటలో పనైపోతుంది.