బెంగాలీ రెస్టారెంట్‌లో ఏం ఆర్డర్ చేయాలి, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

అందరికీ నమస్తే. మేం ఎడిసన్, న్యూజెర్సీలో ఉంటాం, ఇక్కడ కొత్తగా ఒక బెంగాలీ రెస్టారెంట్ పెట్టారు, ఈ శనివారం అమ్మని తీసుకెళ్దామనుకుంటున్నా. అమ్మది రాజమండ్రి, మెనూలో ఇలిష్ అని చూసి అది మన పులసేనమ్మా అని నేను చెప్పగానే మొహం వెలిగిపోయింది, కానీ శనివారం నీచు ముట్టదు, ఆదివారానికి మార్చుకుందామంటే నాకు డ్యూటీ ఉంది. అందుకే అమ్మకి శుక్తో (కాకరకాయ, ఇంకొన్ని కూరగాయలు వేసి చేసే కాస్త చేదు కూర), ఆలూ పోస్తో (గసగసాలు నూరి వేస్తారట) చెప్దామనుకుంటున్నా. అరటిపువ్వు కూర మోచార్ ఘొంటో కూడా ఉంది గానీ అందులో కొన్నిచోట్ల రొయ్యలు వేస్తారని, పప్పులో చేప తలకాయ కూడా వేస్తారని విన్నా, నిజమేనా? వెయిటర్‌ని ఏమని అడిగితే కరెక్ట్‌గా అర్థమవుతుంది?

ఇంకోటి, మా పాపకి అయిదేళ్ళు, ఇలిష్‌లో వెంట్రుకల్లాంటి సన్న ముళ్ళు, నాకు భయం. ఆవ ముద్ద పట్టించి అరిటాకులో చుట్టి వండే భేట్కీ చేప పాతూరీకి ముల్లు ఉండదంటున్నారు, ఆవ ఘాటు పిల్లలు తట్టుకుంటారా? తిన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్. అమ్మ వచ్చే నెల ఇండియా వెళ్ళిపోతుంది, ఈ ఒక్క భోజనం తృప్తిగా తినాలని నా కోరిక.