చెవి మిషన్లతో అమెరికాలో బీఎస్‌ఎన్ (నర్సింగ్ డిగ్రీ): ఏ కాగితాలు తెచ్చుకోవాల?

కర్నూలు చెల్లెలు: ఆగస్టులో చేరుతున్నా. రెండు చెవులకూ మిషన్లే. సదరం సర్టిఫికెట్ చాలునా?

డాలస్ అక్క: చాలదమ్మా. సదరంలో ఉండేది శాతం. ఇక్కడ కాలేజీ డిజేబిలిటీ సర్వీసెస్ ఆఫీసుకు కావాల్సింది, మిషన్ పెట్టుకున్నాక కూడా నీకు ఏది అందదు అన్నది. బయల్దేరేలోపు పెద్దాసుపత్రి ఈఎన్‌టీలో కొత్త ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) తీయించుకో, స్పీచ్ టెస్టు కూడా చేయమను. గోలలో మాట తెలీదని, మాస్కు వేసుకున్నవాళ్ల పెదాలు కనపడక అర్థం కాదని డాక్టరు చేత ఇంగ్లీషులోనే రాయించు. సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాల.

క్లాసులు మొదలయినాక చూద్దాంలే అనుకోవద్దు. సౌకర్యం (నీ వినికిడి ఇబ్బందికి తగ్గట్టు కాలేజీ చేసే ఏర్పాటు) ఆమోదం వచ్చినప్పటి నుంచే, అంతకుముందు తప్పిన పరీక్షకు వెనక్కి పోయి వర్తించదు. టీచరు నోటిమాటగా సరేనన్నా లెక్కలోకి రాదు. క్లాసులో క్యాప్షన్లు ఇచ్చినారని వార్డులో ఏదీ దానంతటదే రాదు. పెదాలు కనపడే మాస్కులు, డ్యూటీ మారేటప్పుడు రిపోర్టు గోలలేని చోట చెప్పడం, ఇవి క్లినికల్ (ఆసుపత్రి వార్డులో శిక్షణ) కోసం విడిగా రాయించు. వికలాంగుల హక్కుల చట్టాలు ఏడీఏ (1990), సెక్షన్ 504 (1973) వీసా మీద చదివేవాళ్లకూ వర్తిస్తాయి, అడగడానికి మొహమాటపడొద్దు.

క్లీవ్‌లాండ్ అన్న: స్టెతస్కోపు తొందరపడి కొనొద్దు చెల్లీ. చెవిలో మోల్డ్ (మిషన్‌కు ఉండే అచ్చు) ఉంటే గొట్టం దూరదు, మిషన్ తీస్తే వినపడదు. శబ్దం పెంచేది కొన్నా చిక్కు తీరదు. గుండె చప్పుడు ఎక్కువగా 200 హెర్ట్జ్ లోపే ఉంటుంది. మిషన్లు చేసేది మాటల కోసం, ఆ కింది శబ్దాన్ని సరిగా అందియ్యవు. చెవిని మొత్తం కప్పే హెడ్‌ఫోన్ తగిలించుకునేది గానీ, ఫోన్ తెర మీద అలలు చూపించేది గానీ చూడు. థింక్‌ల్యాబ్స్ వన్ అనే ఎలక్ట్రానిక్ స్టెతస్కోపుకు చెవిగొట్టాలే ఉండవు, హెడ్‌ఫోనే. స్కిల్స్ ల్యాబ్‌లో మిషన్ పెట్టుకొని ఒకసారి, తీసి ఒకసారి విని, ఆ తర్వాతే డబ్బు పెట్టు.

న్యూజెర్సీ వదిన: ఆరోగ్యం బాగలేక సబ్జెక్టులు తగ్గించుకోవాల్సి వస్తే ముందు డీఎస్‌ఓ (కాలేజీలో విద్యార్థి వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకో. డాక్టరు లేదా క్లినికల్ సైకాలజిస్టు ఉత్తరం కావాల. ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలలే ఇస్తారు. డ్రాప్ చేసినాక చెబితే ఎఫ్-1 విద్యార్థి వీసాకే ముప్పు.

డాలస్ అక్క: ఇంకొకటి. ఎన్‌క్లెక్స్‌కు (నర్సు లైసెన్సు పరీక్ష) కాలేజీలో వచ్చిన ఆమోదం సరిపోదు, స్టేట్ నర్సింగ్ బోర్డుకు విడిగా అర్జీ పెట్టాల. ఏటీటీ (పరీక్ష రాయడానికి అనుమతి) మెయిల్‌లో నీ సౌకర్యాలు ఉన్నాయో లేదో చూసుకొని, అప్పుడు పరీక్ష తేదీ పెట్టుకో.