విశాఖ కథకి ఊరి పేర్లు చాలా? యాస తప్పనిసరా?

తూర్పుగాలి:
ఈమధ్య వస్తున్న 'వైజాగ్ కథ'ల్లో ఆర్కే బీచ్, జగదాంబ, కైలాసగిరి కొట్టేసి వేరే ఊరి పేర్లు పెట్టండి. ఏమీ తేడా రాదు. నా వాదన ఒకటే: మాట ఉత్తరాంధ్రది కాకపోతే కథ ఇక్కడిది కాదు. విశాఖలో ప్లీడరీ చేసిన రావిశాస్త్రి గారి సారా కథల్లోంచి ఆ మనుషుల నోటి మాట తీసేస్తే ఏం మిగులుతుంది?

పాతపోస్టాఫీసు:
మాట ముఖ్యమే గానీ అదొక్కటే చాలదండి. ప్రతి 'చ'నీ 'స' చేసేసి యాస రాసేశామనుకుంటున్నారు చాలామంది. జాలరిపేట మనిషీ, గోపాలపట్నం గుమస్తా, రైల్వే న్యూకాలనీ కుర్రాడూ ఒకేలా మాట్లాడరు. యాస ఎక్కువగా క్రియల్లో ఉంటుంది: 'వచ్చీసాడు', 'సెప్పీసినాను'. సంభాషణలో నాలుగైదు చోట్ల సరిగ్గా పడితే చాలు. ప్రతి మాటా వంకర తిప్పితే పాఠకుడు కూడబలుక్కుంటూ కూర్చుంటాడు, పాత్ర నవ్వులపాలవుతుంది.

ఊరు తెలిసేది ఏది ఎప్పుడు జరుగుతుందో రాసినప్పుడు. బీచ్‌లో సూర్యుడు సముద్రంలోకి దిగిపోయే సాయంత్రాలు రాస్తున్నారు! మన సముద్రం తూర్పున ఉంది. పొద్దు వాలేది కొండల వైపు. మే నెలలో మరబోటు వేటకెళ్ళిందని రాసినా తప్పే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. బోట్లు హార్బర్లో కట్టేసి ఉంటాయి, వలలు బాగుచేసుకుంటారు, ఇంట్లో అప్పు పెరుగుతుంది. అసలు కథ ఆ రెండు నెలల్లో ఉంది, దాన్నే వదిలేస్తున్నారు. అలాగే సింహాచలంలో అప్పన్న నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడే, మిగతా ఏడాదంతా స్వామి చందనంలోనే ఉంటాడు. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మొదలయ్యే గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. మీ పాత్ర గంటలో తిరిగొచ్చేస్తే కుదరదు.

పెదగంట్యాడ:
ఊరు ఎక్కడికీ కదలనట్టు మాట్లాడుతున్నారు ఇద్దరూ. ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ అయిన ఊళ్ళ సంగతేంటి? నిర్వాసిత కాలనీలో పుట్టిన మనవడికి తాత ఊరు పేరుగానే తెలుసు. అలాంటి ఇంటి కథ రాసేవాళ్ళు ఆర్ కార్డు దగ్గర, అంటే భూమి పోయిన ఇంటికి ఉద్యోగం కోసం ఇచ్చిన నిర్వాసిత కార్డు దగ్గర, మొదలుపెట్టాలి. కార్డు ఎవరి పేరున ఉంది? ఉద్యోగం ఏ కొడుక్కి? రానివాడు తమ్ముడితో ఏమన్నాడు? 1966 'విశాఖ ఉక్కు' ఉద్యమ నినాదం ఒక్కటే రాస్తే భూమి పోయినవాడు కథలో కనబడడు.

తూర్పుగాలి:
మంచి మాట. కానీ తిథులూ తేదీలూ పంచాంగం చూసి ఎవరైనా రాసేయొచ్చండి. ఆ అన్నదమ్ముల గొడవ ఏ మాటల్లో జరిగిందో వింటేగానీ రాదు. ఇంకోటి, కూలివాడికి యాస, డాక్టరుకీ కథకుడికీ పుస్తక భాష పంచిపెడితే అది బయటివాడు చూసిన ఊరే. కథనం కూడా ఇక్కడి పలుకుబడిలో నడవాలి.

పెదగంట్యాడ:
మరి అనంతపురం పాఠకుడికి ఎలా అర్థమవుతుంది? కథ చివర పదాల పట్టిక పెట్టాలా?

పాతపోస్టాఫీసు:
పట్టిక వద్దు, చదువు తెగిపోతుంది. కొత్త మాట మొదటిసారి వచ్చినచోట దాని పక్కనే ఒక పని పెట్టండి. తల్లి 'బేగి రాయే' అని కేకేస్తే పిల్ల ఆట వదిలి పరిగెత్తుకు రావాలి. రెండోసారికి అనంతపురం పాఠకుడు ఆ మాట దగ్గర ఆగడు. పేజీకి అలాంటివి రెండుకి మించనివ్వకండి.