శర శశి షట్క: నాలుగో పాదంలో జారిపోయిన రెండక్షరాలు

పావులూరి మల్లన చదరంగం పద్యం. 64 గడుల్లో ఒకటితో మొదలై గడిగడికీ రెట్టింపైతే వచ్చే మొత్తాన్ని, అంటే 2⁶⁴−1ని, అంకెలకు బదులు మాటల్లో (శర 5, శశి 1) చెప్పేది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు నిజంబగు తచ్చతురంగ గేహ వి

ఇంతవరకు సాఫీగా వస్తుంది. తర్వాత ‘స్తరమగు రెట్టికగు సంకలితంబు జగత్ప్రసిద్ధికిన్’ అని నోటికొస్తోంది. చంపకమాలకు 21 ఉండాలి, 19 అక్షరాలే ఉన్నాయి. సరైన పాఠం ఎవరికైనా గుర్తుందా?

—
పాదం సంగతి తర్వాత. ముందు ‘రంధ్ర’ తేల్చండి. సున్నా అనేవాళ్లున్నారు. నవరంధ్రాలు, కనక 9. అంకెలన్నీ కూడితే 87, తొమ్మిదితో భాగిస్తే శేషం 6. 2⁶⁴−1కీ శేషం ఆరే. సరిపోయింది.

—
మాస్టారూ, ఆ పరీక్ష ఇక్కడ పట్టదు. 9 తీసి 0 వేసినా మొత్తం 78, శేషం మళ్లీ 6. పదకొండుతో చూడండి. అంకానాం వామతో గతిః (అంకెల నడక ఎడమవైపుకు), పద్యం ఒకట్ల స్థానం నుంచే మొదలవుతుంది; చదివే వరసలోనే 5−1+6−1+5−5+9−0 అంటూ పోతే చివరికి 37, శేషం 4. అటు 2¹⁰కి శేషం 1 కనక 2⁶⁴ బదులు 2⁴ చాలు: 16−1=15, శేషం 4. రంధ్రానికి సున్నా వేస్తే 28, శేషం 6. రంధ్రం తొమ్మిదే.

—
సప్తసముద్రాలని అబ్ధికీ పయోనిధికీ 7 వేసేవాళ్లకు మాత్రం తొమ్మిదితో భాగించే పరీక్షే చాలు. మొత్తం 93 అయి శేషం 3కి పడిపోతుంది. ఇక్కడ సముద్రం నాలుగు. ఏడు కొండలది: నగ, భూధర, గిరి.

—
మల్లన యతి చూడండి! శర రెండుసార్లు వాడినవాడు మూడో అయిదుకు సాయక ఎందుకు తెచ్చాడు? పదకొండో అక్షరం పాదం మొదటి ‘శ’తో కలవాలి. రెండో పాదంలో ఆరుకు ‘షట్క’ గణానికి అచ్చంగా కుదురుతుంది, కానీ ‘ధ’తో యతి పొసగదు. అందుకే తర్క. ఇరవై అంకెలు పెట్టి ఇంత హాయిగా నడిపాడు, ఎంత చెప్పుకున్నా తనివి తీరదు.

—
‘సంకలితం’ (అన్నీ కూడిన మొత్తం) మీద ఎవరూ ఆగలేదు. చివరి గడిలోవి 9223372036854775808 మాత్రమే, మొత్తం 18446744073709551615. కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఇందులో 641ని 2³²+1లోంచి 1732లో పట్టుకున్నవాడు ఆయిలర్.

—
నాలుగో పాదం అడిగాను...

—
యతి పట్టుకుంటే దారి దొరుకుతుంది. ‘స్త’కు ‘సం’ పదకొండో అక్షరంగా పడాలి. అలా పెడితే ‘సంకలితంబు జగత్ప్రసిద్ధికిన్’ గణాలన్నీ సరి. అంటే లోపం ‘రెట్టి’ తర్వాతే, ఒక గురువు, ఒక లఘువు. ‘రెట్టి లెక్కకగు’ అని నా ఊహ.

—
కుదిరింది. ‘రెట్టియైన నగు’ అన్నా కుదురుతుంది. వీటిలో మల్లనది ఏది?