పయనీర్ డే: వెన్న చిలికిస్తే చరిత్ర వచ్చేస్తుందా?

పలకాబలపం
అమెరికా స్కూళ్లలో చాలాచోట్ల రెండు, మూడు తరగతుల పిల్లలకి పయనీర్ డే అని ఒకటి పెడతారు. 1840ల నుంచి బళ్లు కట్టుకుని పడమటికి వలసపోయిన కుటుంబాలు ఎలా బతికాయో చేతులతో చేయించి చూపించడం ఉద్దేశం. క్రీమ్ ఊపి వెన్న తీయిస్తారు, కొవ్వొత్తులు చేయిస్తారు, ఆడపిల్లలకి బానెట్లు (గడ్డం కింద ముడేసే గుడ్డ టోపీలు) కడతారు. సాయానికి వెళ్లేవాళ్లలో మన తెలుగు అమ్మానాన్నలూ ఉంటారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను: ఇందులో చరిత్ర ఎంత? నన్నడిగితే సున్నా. పిల్లలకి గుర్తుండేది వెన్న రాసిన బిస్కట్టు. ఆ నేల మీద అంతకుముందు ఎవరున్నారన్న ఊసే రాదు. ఎత్తేసి ఆ పూట ఒక మంచి పుస్తకం చదివి వినిపిస్తే నయం.

కవ్వంతాడు
తొందరపడకండి. చాలా క్లాసుల్లో అసలు వెన్నే పడదు, ముందు అది చూద్దాం. కొనాల్సింది హెవీ విప్పింగ్ క్రీమ్, కొవ్వు 36 శాతం ఉండేది. హాఫ్ అండ్ హాఫ్ (సగం పాలు, సగం క్రీమ్) తెస్తే సాయంత్రం దాకా ఊపినా ఏమీ రాదు. 240 మిల్లీలీటర్ల సీసాలో సగమే పొయ్యాలి, క్రీమ్ కదలడానికి చోటుండాలిగా. ఫ్రిజ్‌లోంచి తీసీ తీయగానే ఊపితే కొవ్వు బిందువులు గట్టిగా ఉండి ఒకదానికొకటి అంటుకోవు. మరీ వెచ్చబడితే జిడ్డుగా సాగుతుంది. 15–18 డిగ్రీల సెల్సియస్ దగ్గరైతే 10–15 నిమిషాల్లో పడుతుంది. మధ్యలో సీసా చప్పుడు ఆగిపోతుంది: క్రీమ్ గట్టిపడి గోడలకి అతుక్కుంటుంది, పిల్లలు అయిపోయిందనుకుని మూత తీసేస్తారు. ఆపనివ్వకండి. ఇంకాసేపు ఊపితే ముద్ద విడిపోయి మజ్జిగ వేరవుతుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా చన్నీళ్లతో ముద్దని కడగాలి, లేకపోతే తొందరగా పులుస్తుంది. పాలు పడని పిల్లలుంటే వాళ్ల చేతికి గడియారం ఇచ్చి నిమిషాలు రాయించండి.

చరిత్ర ఇక్కడే దొరుకుతుంది. 120 మిల్లీలీటర్ల క్రీమ్‌కి వచ్చేది సుమారు 50 గ్రాముల వెన్న. అంత మీగడకి లీటరు పైనే పాలు కావాలి. వారానికి సరిపడా వెన్నంటే ఎన్ని లీటర్లో, ఎన్ని గంటలో వాళ్ల చేతే లెక్క కట్టించండి.

మైనపుచుక్క
కొవ్వొత్తుల బల్ల దగ్గర పెద్దవాళ్లు ఇద్దరుండాలి, తప్పదు. తేనెమైనం 62–64 డిగ్రీలకి కరుగుతుంది, 70 దగ్గర ఉంచితే చాలు. పొడుగాటి డబ్బాలో వేసి, ఆ డబ్బాని వేణ్ణీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి గానీ నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. వత్తి చివర చిన్న నట్టు కట్టకపోతే అది నిటారుగా దిగదు. లావెక్కుతుందని పిల్లలు లోపలే ఉంచేస్తారు, దాంతో అంతకుముందు పట్టిన పొర కూడా కరిగిపోతుంది. ముంచి వెంటనే తీయాలి, బల్ల చుట్టూ ఒక చుట్టు నడిచొచ్చి మళ్లీ ముంచాలి. ఆ నడకలో పొర ఆరుతుంది. పాతిక ముప్ఫై మునకలు పడతాయి. డబ్బాలో మట్టం తగ్గితే పెద్దవాళ్లు కాసిని వేణ్ణీళ్లు పోస్తే సరి, మైనం పైకి తేలుతుంది. ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి: చాలా ఇళ్లలో వెలిగింది పశువుల కొవ్వుతో చేసినవే. పొగ, కంపు.

పలకాబలపం
వెన్నా పడింది, మైనమూ కరిగింది. నేనడిగింది నేల సంగతి.

తూనికరాయి
నేలని కూడా చేయించి చూపించొచ్చండీ. గచ్చు మీద టేపుతో 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గీయండి. అదే బండి. మోసే బరువు సుమారు 2,000 పౌండ్లు. అట్టముక్క ఒక్కోటి 50 పౌండ్లనుకుంటే 40 ముక్కలు. పడమటి తీరంలోని ఒరెగాన్‌కి వెళ్లే దారికి పెద్దవాళ్లు ఒక్కొక్కరికి 200 పౌండ్ల పిండి, 150 పౌండ్ల బేకన్, 20 చక్కెర, 10 కాఫీ, 10 ఉప్పు అని అప్పటి సలహా. ఇద్దరికే 780 పౌండ్లు, అంటే దాదాపు 16 ముక్కలు అక్కడే పోయాయి. పిల్లలు ముందు బొమ్మలూ మంచాలూ సర్దేసి, పిండికి చోటు లేక దింపడం మొదలుపెడతారు. నిజంగానూ స్టవ్వులూ బీరువాలూ దారి పక్కన పారేసేవారు. బండిలో ఎవరూ కూర్చోరని కూడా చెప్పండి, దాదాపు అందరూ నడిచారు. చెట్లు లేని మైదానంలో పొయ్యిలోకి బైసన్ (అక్కడి అడవిదున్న) పిడకలే. తెలుగు పిల్లలకి పిడకంటే ఏంటో తాతమ్మలు చెప్పగలరు.

ఆ తర్వాత రెండు మ్యాపులు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద, స్థిరపడతామని దరఖాస్తు పెట్టినవాళ్లకి ప్రభుత్వం 160 ఎకరాలిచ్చింది, అంటే అర మైలుకి అర మైలు. అక్కడ అయిదేళ్లుండి సాగు చేయాలి. తొలి దరఖాస్తుల్లో ఒకటి డేనియల్ ఫ్రీమన్‌ది, 1863 జనవరి 1న, నెబ్రాస్కాలో బియాట్రిస్ దగ్గర. అది ఓటో-మిసౌరియా అనే నేటివ్ (అమెరికా మూలవాసి) ప్రజల ప్రాంతం. 1854 ఒప్పందంతో వాళ్లని బిగ్ బ్లూ నది ఒడ్డున ఒక రిజర్వేషన్‌కి (వాళ్లకంటూ గీసిచ్చిన కొద్దిపాటి నేలకి) కుదించారు. 1881లో అదీ లేకుండా ఇప్పటి ఓక్లహోమాకి పంపేశారు. ముందు మ్యాపు ఒకటి, తర్వాత మ్యాపు ఒకటి, అంతే.

కవ్వంతాడు
ఏడేళ్ల పిల్లకి ఒప్పందాలూ రిజర్వేషన్లూ ఏం ఎక్కుతాయండీ? అవి నాలుగో తరగతికి ఉంచొచ్చు.

తూనికరాయి
ఒప్పందం అన్న మాట ఎక్కకపోవచ్చు. ‘ఇక్కడ ముందే ఊళ్లున్నాయి, వాళ్లని పంపేశారు’ అన్నది ఎక్కుతుంది. రెండో తరగతిలో ఖాళీ నేల అని చెప్పి నాలుగులో కాదంటే, అప్పటికి మొదటిదే నాటుకుపోయి ఉంటుంది.

ఇంకో మాట. 1889 ఏప్రిల్ 22న ఓక్లహోమాలో ల్యాండ్ రన్ జరిగింది, అంటే ముందు పరిగెత్తి చేరినవాళ్లకే నేల. దాన్ని పిల్లల్ని పరిగెత్తించి ఆడించకండి. ఆ నేల క్రీక్, సెమినోల్ అనే నేటివ్ జాతుల నుంచి 1866లో తీసుకున్నది. ఓక్లహోమాలోనే దీని మీద గట్టి అభ్యంతరాలొచ్చాయి. ఈకల కిరీటాలూ అక్కర్లేదు. మొక్కజొన్న ఆకుల బొమ్మ చేయిస్తే మాత్రం (ఎండాకుల్ని వేణ్ణీళ్లలో నానబెట్టండి, లేకపోతే విరుగుతాయి) ఆ విద్య ఈశాన్యపు నేటివ్ జాతులదని అక్కడికక్కడే చెప్పండి.

పలకాబలపం
మ్యాపులతోనైతే ఒప్పుకుంటాను. కానీ గంటన్నరలో వెన్న, కొవ్వొత్తులు, బండి, బొమ్మ పెడితే మ్యాపుల దాకా ఎవరూ రారు. కొవ్వొత్తులు తీసేయండి, ఎలాగూ ఇద్దరు పెద్దవాళ్లు అక్కడే ఇరుక్కుపోతారు. బానెట్లకి మాత్రం ఒప్పుకోను. అవి కట్టగానే పిల్లల కళ్లకి పయనీర్లంటే తెల్ల కుటుంబాలే. 1877లో నల్లజాతి కుటుంబాలు కాన్సస్‌లో నికోడిమస్ ఊరు కట్టుకున్నాయని ఆ బల్ల మీద ఒక్క ఫొటో అయినా పెట్టాలి కదా?

మైనపుచుక్క
ఫొటో పెట్టండి, కాదనను. కొవ్వొత్తులు తీసేస్తే చీకటి పడ్డాక వాళ్లేం చేశారన్నది ఎలా తెలుస్తుంది? ముంచడం మానేసి, పెద్దవాళ్లే ఒకటి వెలిగించి గదిలో లైట్లార్పి, దాని వెలుగులో నాలుగు లైన్లు చదివించండి. 5 నిమిషాల పని.