శ్రీమంతంలో పిల్లలు లేని ఆడపడుచు గాజులు తొడగకూడదా?

గోదారిగట్టు:
మాది రాజమండ్రి. నాకు 37, పెళ్లయి పదకొండేళ్లు. పోయిన ఆదివారం మా తమ్ముడి భార్యకి శ్రీమంతం చేశాం, అమ్మావాళ్లింట్లోనే. ముందు రోజు సాయంత్రం మెయిన్‌రోడ్డంతా తిరిగి మరదలికి రెండు డజన్ల ఆకుపచ్చ మట్టిగాజులు నేనే కొన్నాను, గంధం నేనే కలిపాను. ఆ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టాక ఆడపడుచుని కదా అని గిన్నె పట్టుకుని ముందుకెళ్లి వేలు ముంచాను కూడా. అమ్మ నా చేతిలోంచి గిన్నె తీసుకుని, ఎవరికీ వినపడకుండా, "నువ్వు లోపలికెళ్లి పులిహోర సంగతి చూడమ్మా" అంది. పులిహోర పొద్దున్నే కలిపేశాం. వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి, వేలి మీద గంధం ఎండి పొడిగా రాలేదాకా చూస్తూ ఉండిపోయాను. బయట మంగళహారతి పాడుతున్నారు.

రెండుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నాం. రెండేళ్ల కిందట ఇంక చాలని ఆపేశాం. ఇది ఆచారం అని ఊరుకోవాలా, అమ్మతో తేల్చి మాట్లాడాలా? ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇంతకు ముందు ఇలాంటి చోట్ల ఎవరూ అనకముందే నేనే వెనక వరసలో కూర్చునేదాన్ని, బారసాలకి వెళ్తే ఉయ్యాల దగ్గరికి పోయేదాన్ని కాదు. అమ్మ ఆపినందుకు ఏడుపొచ్చింది నిజమే, కానీ ఇన్నేళ్లూ నన్ను నేనే ఆపుకున్నానని తెలిశాక అంతకంటే ఎక్కువ ఏడ్చాను.

అత్తిలి అమ్మమ్మ:
అమ్మా, నాకు 66. మీ అమ్మని తప్పు పట్టకు. మా రోజుల్లో తొలికాన్పంటే ప్రాణాల మీదికి వచ్చేది, మా పెద్దక్క పురిట్లోనే పోయింది. పిల్లాపాపలతో చల్లగా ఉన్న ముత్తైదువుల చేత చేయిస్తే ఆ చల్లదనం ఈ పిల్లకీ వస్తుందని మా నమ్మకం. అది నీ మీద కోపమో అసహ్యమో కాదు, భయం. కోడలి కాన్పు క్షేమంగా అయ్యేదాకా మీ అమ్మకి కంటి మీద కునుకుండదు. ఒక్క పూట నువ్వు సర్దుకుంటే పోయేదేముంది?

పాలేరు1987:
పెద్దమ్మగారూ, సర్దుకోవాల్సింది ఎప్పుడూ ఒకళ్లే ఎందుకు? మా మేనత్తకి ముగ్గురు పిల్లలు. మామయ్య పోయాక ఆవిడనీ గాజుల దగ్గరికి రానివ్వట్లేదు. ముగ్గుర్ని కన్న చల్లదనం ఎక్కడికి పోయింది మరి?

సైలెంట్‌గా ఉన్నవాడిని:
నేను మగవాణ్ని, ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. మా ఇంట్లో లోపం నాది. కౌంట్ బాగా తక్కువ. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవాళ్ల కారణం కూడా ఉంటుందని డాక్టరు చెప్పింది. వీర్యపరీక్ష ఒక్క రోజు పని, ఖర్చూ తక్కువే. అయినా మా అమ్మ నాలుగేళ్లు నా భార్యనే తిప్పింది, మోపిదేవి తీసుకెళ్లింది, నాగుల చవితికి పుట్టలో పాలు పోయించింది. 2024 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ గుళ్లో పిల్లలు లేనివాళ్లకి గరుడ ప్రసాదం ఇస్తున్నారంటే తెల్లారకముందే బయల్దేరాం. దారంతా కార్లే, అన్నీ మాలాంటి జంటలవే. గంటల తరబడి కదలకుండా కూర్చున్నాం. పక్క కారులో ఆవిడ ఏడుస్తోంది, వాళ్లాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేనూ అదే చేస్తున్నానని అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి రిపోర్టు అమ్మ ముందు పెట్టాను. ఆ తర్వాత ఒక్కళ్లు కూడా నన్ను ఒక్క మాట అనలేదు, పేరంటాలకి మాత్రం నా భార్యనే పిలవడం మానేశారు. గోదారిగట్టు గారూ, ఆ రోజు మీ వారు, మీ తమ్ముడు ఏం చేశారు?

గోదారిగట్టు:
మా వారు వరండాలో మగవాళ్లతో ఉన్నారు, రాత్రి చెప్తే తెలిసింది. తమ్ముడు చూశాడు. చూసి ఫోన్ తీసి ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టాడు.

ఏడోనెల:
నిజం రాస్తున్నాను, తిట్టుకోకండి. నాకు ఇదివరకు ఒకసారి మూడో నెలలో పోయింది. ఇప్పుడు ఏడో నెల. మొన్న పిల్లలు లేని మా పిన్ని వచ్చి పొట్ట మీద చెయ్యి వేయబోతే నాకు తెలియకుండానే వెనక్కి జరిగాను. పిన్ని చెయ్యి అలా గాల్లో ఆగిపోయింది. ఆ పిన్నే నన్ను రెండేళ్లు తన ఇంట్లో పెట్టుకుని ఇంటర్ చదివించింది. తప్పని తెలుసు. కానీ ఏదైనా అయితే అప్పుడు ఆ మాట నా బుర్రలోంచి పోదు కదా అని భయం.

గోదారిగట్టు:
నిన్నెందుకు తిట్టుకుంటానమ్మా. పోగొట్టుకున్న భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. రోజూ పొట్టలో ఇంజెక్షన్ పొడుచుకుంటూ, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఆ మందుల డబ్బా చూసుకుంటూ, చివరికి రక్తపరీక్ష రిపోర్టు తెరవడానికి చేతులాడక ఆయనకిచ్చి చదవమన్నదాన్ని. నీ భయం నీది. కానీ ఆ భయానికి కారణం నీ పిన్ని కాదు. మూడో నెలలో పోయినప్పుడు పిన్ని పక్కన కూడా లేదు కదా? ఒక్కసారి ఫోన్ చెయ్యి. ఏమీ చెప్పక్కర్లేదు, ఊరికే మాట్లాడు.

కొండాపూర్‌లో ఒకతె:
నాకు 39, మేమిద్దరం పిల్లలు వద్దనే అనుకున్నాం. ఈ చర్చంతా 'లేరు, పాపం' అనే నడుస్తోంది. పిల్లలు లేకపోవడం లోటు కాదని మనమే అనుకోకపోతే ఎదుటివాళ్లు ఎందుకనుకుంటారు? ఇంకో మాట. ఆంధ్రాలో 1994 నుంచి ఇద్దరికంటే ఎక్కువ మంది ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్నారు. 2024లో ఆ రూలు తీసేసి, ఇప్పుడు ఇంకా కనండి అంటున్నారు. కనొద్దన్నా కనమన్నా లెక్క మన కడుపుదే.

గోదారిగట్టు:
మీ నిర్ణయం మీద నాకు గౌరవం ఉంది, కానీ మనిద్దరిదీ ఒకటి కాదండీ. నేను కావాలనుకున్నాను. పేర్లు కూడా అనుకున్నాను. నాకది లోటే, లేదని అబద్ధం చెప్పలేను. లోటుంటే ఉండనీ, దాంతోనే నేను మనిషిని, ఆడపడుచుని, ఆ ఇంటి పిల్లని అంటున్నాను. బాధ పూర్తిగా పోయాకే గాజులు తొడుగుతానంటే నాకెప్పటికీ కుదరదు.

శుభమస్తు_గుంటూరు:
37కే ఆశ వదులుకుంటారా! 2019లో మా గుంటూరులోనే డెబ్బై దాటిన ఆవిడకి ఐవీఎఫ్‌తో కవల ఆడపిల్లలు పుట్టారు, పెళ్లయిన 57 ఏళ్లకి. ఇంకోసారి ప్రయత్నించండి మేడం, మంచి జరుగుతుంది.

గోదారిగట్టు:
మంచి మనసుతోనే చెప్పారని తెలుసు. కానీ ఆ వార్త వచ్చిన రోజు మా ఇంటికి నలుగురు ఫోన్ చేశారు, నలుగురూ ఇదే మాట. ఐవీఎఫ్ లాంటి వైద్యాల మీద 2021 చట్టం వచ్చాక ఆడవాళ్లకి 50 దాటితే ఆ వైద్యం చెయ్యకూడదు, అది అలా ఉంచండి. ఆ వార్త నాకు ఆశలా కనిపించలేదు. అంత వయసులో, అంత ప్రమాదంలో కూడా ఆవిడ 'గొడ్రాలు' అనే మాట మోస్తూ పోవడానికి ఇష్టపడలేదు. 57 ఏళ్లు ఎన్ని శ్రీమంతాల్లో, ఎన్ని బారసాలల్లో పక్కకి జరిగి ఉంటుందో అనుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. ఇంకోసారి ప్రయత్నించను. బాగా ఆలోచించుకుని ఆపాం.

అత్తిలి అమ్మమ్మ:
నిన్నటి నుంచి మీ అందరి మాటలూ చదువుతున్నాను. ఆచారం మీద నా నమ్మకం మారలేదు, అబద్ధం ఎందుకు. కానీ ఒకటి గుర్తొచ్చింది. మా పెద్దక్క శ్రీమంతానికి గంధం రాసినవాళ్లంతా పిల్లల తల్లులే, ఐదుగురూ. అయినా అక్క దక్కలేదు. అమ్మతో కోపంగా మాట్లాడకు తల్లీ. కానీ మాట్లాడు.

గోదారిగట్టు:
అందరికీ థ్యాంక్స్. ఈ రోజు మధ్యాహ్నం మరదలు మెసేజ్ పెట్టింది. "వదినా, ఆ రోజు మీ వేలికి గంధం చూశాను, అందరి ముందూ నోరు పెగల్లేదు. ఆదివారం అమలాపురం రండి, మా అమ్మకి చెప్పాను. గాజులు తెండి" అని. గాజులు ఇంకా నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉన్నాయి, కాగితం కూడా విప్పలేదు. ఆదివారం వెళ్తున్నాను. అమ్మకి రాత్రి ఫోన్ చేసి నేనే చెప్తాను.