జానీ డాలర్, శామ్ స్పేడ్ పాత రేడియో ఫైళ్లు: ఎవరి గొంతుతో మొదలుపెట్టాలి? వేగం తేడా ఎలా సరిచేయాలి?

మీడియంవేవ్:
అమెరికా పాత రేడియో డిటెక్టివ్ నాటకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి దించుకున్నాను. జానీ డాలర్, శామ్ స్పేడ్, రిచర్డ్ డైమండ్, డ్రాగ్నెట్. మూడు సందేహాలు.

జానీ డాలర్ గొంతు మారుతూనే ఉంది. ఎవరు చేసినవి ముందు వినాలి?

రిచర్డ్ డైమండ్ ఎపిసోడ్ ఒకటి 28 నిమిషాల 10 సెకన్లే వస్తోంది. మొదలు, ముగింపు, ప్రకటనలు అన్నీ ఉన్నాయి, చివర ఎన్‌బీసీ నెట్‌వర్క్ గుర్తుగా వచ్చే మూడు గంటలు కూడా మోగుతున్నాయి. కానీ అందరూ బండి అందుకోవాలన్నట్టు గబగబా, సన్నగొంతుతో మాట్లాడుతున్నారు.

శామ్ స్పేడ్ కథ ఒకటి రెండు ఫైళ్లలో ఉంది. ఒకదాంట్లో వైల్డ్‌రూట్ తలక్రీము ప్రకటనలున్నాయి. రెండోదాంట్లో ప్రకటనల్లేవు, కథయ్యాక కొన్ని నిమిషాలు ఉత్త సంగీతం. ఏది ఉంచుకోవాలి?

ధ్వని ఫైళ్లు సరిచేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ వాడటం వచ్చు.

నాటకప్రియ:
జానీ డాలర్‌గా ఆరుగురు చేశారండీ. 1949 ఫిబ్రవరిలో చార్లెస్ రస్సెల్‌తో మొదలైంది. 1950 నుంచి 52 దాకా ఎడ్మండ్ ఓబ్రయన్, 52 నుంచి 54 దాకా జాన్ లండ్. ఏడాది విరామం తర్వాత 1955 అక్టోబరు 3న బాబ్ బెయిలీ వచ్చాడు. 1960 చివర్లో సిరీస్‌ను హాలీవుడ్ నుంచి న్యూయార్క్‌కి మార్చినప్పుడు అతను వెళ్లలేదు. అక్కడ బాబ్ రెడిక్ కొన్ని నెలలు, తర్వాత మాండెల్ క్రేమర్. 1962 సెప్టెంబరు 30న సీబీఎస్ నెట్‌వర్క్ ముగించేసింది, దాని మరో నాటక సిరీస్ 'సస్పెన్స్' కూడా అదే రోజు ఆగింది. అందుకే ఆ తేదీని అమెరికా రేడియో నాటకానికి ఆఖరి రోజుగా చెబుతారు.

వరుసగా వినకండి. బెయిలీ మొదటి ఏడాదితో మొదలుపెట్టండి. 1955 అక్టోబరు నుంచి 56 నవంబరు దాకా వారానికి ఐదు రోజులు, రోజుకి పావుగంట, కథ సాధారణంగా సోమవారం మొదలై శుక్రవారం తేలేది. ఒక్క 'ఫాంటమ్ చేజ్' మాత్రం తొమ్మిది భాగాలు సాగింది. అరగంట నాటకంలో ప్రకటనలు పోతే కథకి ఇరవై అయిదు నిమిషాలు దక్కడం కష్టం, హంతకుడెవరో చెప్పడానికే సరిపోతుంది. ఐదు భాగాల్లో సాక్షి మొదట అబద్ధం చెప్పి, బుధవారానికి మాట మార్చి, గురువారం భయపడటానికి చోటుంటుంది. నిర్మాణం, దర్శకత్వం జాక్ జాన్‌స్టోన్. బెయిలీ మైకుకి దగ్గరగా, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. డాలర్ బీమా పరిశోధకుడు, కథని కంపెనీకి పంపే ఖర్చుల పద్దుగా చెబుతాడు; ఆ పద్దు చదివేటప్పుడు కూడా ఆ మనిషికి కోపంగా ఉందో, విసుగ్గా ఉందో తెలిసిపోతుంది. ఓబ్రయన్ గట్టివాడే కానీ ఎప్పుడూ ఒకే గట్టితనం. లండ్ నాకు చప్పగా అనిపిస్తాడు.

గొంతు పోల్చుకోవడం కష్టంగా ఉంటే మొదట్లో అనౌన్సర్ చెప్పే పరిచయం వినండి, ఓబ్రయన్, లండ్, బెయిలీ ముగ్గురి కాలంలోనూ నటుడి పేరు అందులోనే చెబుతారు. చిన్న పాత్రల్లో హాలీవుడ్ రేడియో జట్టు ఒక్కటే అన్ని సిరీస్‌లలోనూ తిరుగుతుంది. వర్జీనియా గ్రెగ్‌ని ఒకసారి పట్టుకుంటే వదలరు: రిచర్డ్ డైమండ్‌లో అతని ప్రియురాలు హెలెన్ ఆషర్ ఆమే, బెయిలీ కాలం చివర్లో డాలర్ ప్రియురాలు బెట్టీ లూయిస్ కూడా ఆమే. శామ్ స్పేడ్‌లో అతని సెక్రటరీ ఎఫీగా చేసింది లురీన్ టటిల్.

వాల్వుసెట్టు:
బెయిలీ మాట సరే, కానీ డిటెక్టివ్ నాటకం రుచి తెలియాలంటే ముందు జెరాల్డ్ మోర్ చేసిన ఫిలిప్ మార్లో వినమంటాను, సీబీఎస్, 1948–51. గొంతులోనే చీకటి వీధి కనిపిస్తుంది. బెయిలీ దాని తర్వాత.

శామ్ స్పేడ్ సంగతి. ప్రకటనల్లేనిది సైన్యం కోసం నడిపిన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ రేడియో సర్వీస్ ప్రతి. వాళ్లు వాణిజ్య ప్రకటనలు కోసేసి, ఆ ఖాళీ నిండేలా చివర సంగీతం పెట్టి, 16 అంగుళాల వినైల్ ప్లేట్లు అచ్చేసి స్థావరాలకి పంపేవారు. అందుకే ఆ ఫైలు తరచూ శుభ్రంగా వినిపిస్తుంది. ప్రకటనలున్న ప్రతి చాలాసార్లు లక్కపూత ప్లేటు మీద అప్పటికప్పుడు కోసింది, గరగర ఎక్కువ. రెండూ ఉంచుకోండి: వినడానికి సైన్యం ప్రతి, ప్రసారం ఎలా సాగిందో తెలుసుకోవడానికి నెట్‌వర్క్ ప్రతి. సైన్యం ప్రతికి వాళ్ల సొంత వరుస నంబరుంటుంది, దాన్నిబట్టి తొలి ప్రసారం తేదీ కట్టకండి.

స్పేడ్ ఫైలు మీద తేదీ నమ్మకంగా లేకపోతే నెట్‌వర్క్ పేరు వినండి. 1946 వేసవిలో ఏబీసీ, ఆ శరదృతువు నుంచి సీబీఎస్, 1949 నుంచి ఎన్‌బీసీ. స్పేడ్‌గా చేసిన హోవర్డ్ డఫ్ గొంతు 1950 సెప్టెంబరుతో ఆగిపోతుంది. కమ్యూనిస్టు సానుభూతిపరులంటూ ఆ ఏడాది అచ్చేసిన జాబితాలో అతని పేరుంది. నవంబరులో స్టీవ్ డన్‌తో మళ్లీ మొదలెట్టారు, 1951 ఏప్రిల్ దాకా నడిచింది. డన్ గొంతు మరీ కుర్రాడిది, స్పేడ్‌కి అతకలేదు.

సూదిమొన:
వేగం సంగతి నేను చెబుతాను. ఆ కాలపు నెట్‌వర్క్ అరగంట అంటే సుమారు 29 నిమిషాల 30 సెకన్లు, మిగతాది స్థానిక స్టేషన్ తన పేరు చెప్పుకోవడానికి. మీది 28:10 అంటే దాదాపు 4.7 శాతం వేగం, అర స్వరానికి కాస్త తక్కువ. టేపు నుంచి టేపుకి దించుకున్నప్పుడు ఎక్కడో వేగం కుదరని డెక్కు (టేపు యంత్రం) పడి ఉంటుంది.

నిడివిని మాత్రమే నమ్మొద్దు, ఎవరైనా కొస కత్తిరించి ఉండొచ్చు. మీకు ఎన్‌బీసీ గంటలున్నాయి కాబట్టి అదృష్టం. 1949 నాటికి అవి యంత్రం మోగించేవి, శ్రుతి మారదు: 196, 330, 262 హెర్ట్జ్, ఆ వరుసలోనే. మూడో గంటని ఒక సెకను మేర ఎంచుకుని 'ప్లాట్ స్పెక్ట్రమ్' తెరవండి, సైజు 16384 పెట్టండి. శిఖరం ఎక్కడుందో చూడండి. 262 బదులు 520 పైచిలుకు దగ్గర పెద్ద శిఖరం కనిపిస్తే అది పై స్వరం, సగం చేయండి. మిగతా రెండు గంటలూ కొలవండి. మూడింటికీ ఒకే నిష్పత్తి రావాలి. రాకపోతే టేపు వేగం ఊగుతోందన్నమాట.

262ని మీకొచ్చిన అంకెతో భాగిస్తే వచ్చేదే గుణకం. 'చేంజ్ స్పీడ్ అండ్ పిచ్'లో దాన్ని ఇవ్వండి. 'చేంజ్ టెంపో' జోలికి పోవద్దు, అది నిడివి మార్చి గొంతుని సన్నగానే వదిలేస్తుంది.

మొత్తం ఫైలుకి ఒకే గుణకం వేసే ముందు మొదటి సంగీతాన్ని, చివరి సంగీతాన్ని పోల్చండి. 16 అంగుళాల ప్లేటు ఒక వైపు పావుగంటే పట్టేది, కాబట్టి రెండు సగాలూ వేర్వేరుగా చెడి ఉండొచ్చు. పదిహేనో నిమిషం చుట్టుపక్కల ధ్వని ఒక్కసారి మారితే అదే అతుకు. ప్లేటు లోపలి గాడిలో సూది కింద గాడి నెమ్మదిగా సాగుతుంది, పై పౌనఃపున్యాలు పోయి ధ్వని మందగిస్తుంది. రెండో వైపు బయటి అంచు నుంచి మొదలైతే ఒక్కసారిగా వెలుగొచ్చినట్టుంటుంది. దీన్ని దాచడానికే కొందరు ఇంజనీర్లు ఒక వైపు బయట నుంచి లోపలికి, మరో వైపు లోపల నుంచి బయటికి కోసేవారు.

మీడియంవేవ్:
మూడో గంట 274 దగ్గర వచ్చింది. 262ని 274తో భాగిస్తే 0.956. అది వేశాక నిడివి 29:28, డైమండ్‌గా చేసిన డిక్ పావెల్ మనిషిలా మాట్లాడుతున్నాడు. ధన్యవాదాలు.

మరి జానీ డాలర్ సీబీఎస్ కదా, గంటలుండవు. గరగర తీయడానికి 'నాయిస్ రిడక్షన్' 24 డెసిబెల్స్ పెడితే గొంతులు నీళ్లలోంచి వస్తున్నట్టయ్యాయి. ఫైళ్లు 32 కేబీపీఎస్ (సెకనుకి 32 కిలోబిట్లు), బాగా కుదించినవి.

సూదిమొన:
సీబీఎస్‌కి గంటల్లేవు, నిజమే. కరెంటు గుంయ్ 60 హెర్ట్జ్ దగ్గర ఉంటే దాన్నే కొలబద్దగా తీసుకోమని చాలామంది చెబుతారు. జాగ్రత్త. ఆ గుంయ్ అసలు రికార్డింగుదా, తర్వాత కాపీ చేసిన డెక్కుదా తేలాలి. రెండూ ఉంటే రెండు శిఖరాలు కనిపిస్తాయి, 60, 63 లాగా. అప్పుడు తప్పిన 63 అసలుది, సరిగ్గా 60 ఉన్నది ఆ చెడిన వేగం తర్వాత చేరినది. 60 చూసి 'బాగానే ఉంది' అనుకుంటే మోసపోతారు. బెయిలీ ఐదు భాగాలకైతే సులువైన దారి ఉంది: ఐదింటికీ ప్రారంభ సంగీతం ఒకటే. బాగున్న భాగంలో నిలిచి మోగే ఒక స్వరం కొలిచి, మిగతా నాలుగూ దానికి కలపండి.

32 కేబీపీఎస్ ఫైలుని పెద్దగా బాగుచేయలేం. కుదించినప్పుడే గరగరా, గొంతూ కలిసి ముద్దయిపోయాయి. ముందు అదే ఎపిసోడ్ 64 కేబీపీఎస్ ప్రతి కోసం వెతకండి. దొరికాక వరుస ఇది: ముందు వేగం, తర్వాత 80 హెర్ట్జ్ కింద కోత, తర్వాత టిక్కులు, ఆఖర్న గరగర. గరగర తగ్గింపు 6 నుంచి 9 డెసిబెల్స్ చాలు. నమూనాని అనౌన్సర్ నోరు విప్పకముందు, ఉత్త గాడి చప్పుడున్న చోట అర సెకను తీసుకోండి. పని అయ్యాక ధ్వని నష్టం లేని ఫ్లాక్ రూపంలో దాచండి, మళ్లీ ఎంపీత్రీ చేస్తే కుదింపు మీద కుదింపు.

పై స్వరాలు పెంచకండి. నెట్‌వర్క్ ఫోను లైన్ల మీదుగా వచ్చిన ప్రసారంలో సుమారు 5,000 హెర్ట్జ్ దాటి గొంతు ఉండదు, పెంచితే పెరిగేది గరగరే.

టిక్కులకి ఒక గుర్తు: 33⅓ వేగంలో ప్లేటు ఒక చుట్టుకి 1.8 సెకన్లు. అడ్డంగా పడ్డ గీత సరిగ్గా ప్రతి 1.8 సెకన్లకీ టిక్కుమంటుంది. ఆ లయలో లేనిది గీత కాకపోవచ్చు.

నాటకప్రియ:
ఆ చివరి మాట డ్రాగ్నెట్‌కి మరీ ముఖ్యం. జాక్ వెబ్ నాటకంలో సగం కథ చప్పుళ్లలోనే ఉంటుంది: మెట్లెక్కే అడుగులు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు, వెనకాల ఆఫీసు సందడి. ఆడాసిటీ 'క్లిక్ రిమూవల్' మొత్తం ఫైలు మీద తోస్తే తలుపు తట్టిన చప్పుడు మొద్దుబారుతుంది. మాటల మధ్య నిశ్శబ్దంలోంచి గరగర నమూనా తీస్తే ఆ ఆఫీసు సందడే నమూనా అయిపోతుంది, తీసేశాక వాళ్లు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో తెలియదు. ఫోనులో గొంతు సన్నగా, ముక్కుతో ఉన్నట్టుంటే అది ఫిల్టరు పెట్టి కావాలని చేసిందే, దాన్ని 'సరిచేయకండి'.

డ్రాగ్నెట్ తేదీల్లోనూ గందరగోళం ఎక్కువ. తోడు పోలీసు గొంతుతో సరిచూడండి. 1949 జూన్ నుంచి బెన్ రొమెరోగా బార్టన్ యార్‌బరో. అతను 1951 డిసెంబరులో చనిపోయాడు, కథలో కూడా రొమెరో చనిపోయినట్టే చెప్పారు. 1952లో బార్నీ ఫిలిప్స్ కొన్నాళ్లు, ఆ తర్వాత ఫ్రాంక్ స్మిత్‌గా బెన్ అలెగ్జాండర్. ఫైలు మీద 1953 అని ఉండి లోపల రొమెరో పలుకుతుంటే పేరు పెట్టినవాళ్లదే పొరపాటు. ప్రకటనలు కూడా దారి చూపుతాయి: ఫాతిమా సిగరెట్లయితే ముందువి, చెస్టర్‌ఫీల్డ్ అయితే 1952 లేదా తర్వాతవి.

వాల్వుసెట్టు:
ఒకటి కలుపుతాను. రెండు ఫైళ్లలో మాటలు కొద్దిగా వేరుగా ఉంటే ఒకటి నకిలీ అనుకోకండి. టేపు రాకముందు తూర్పు తీరానికి ఒకసారి, మూడు గంటల తేడాతో పడమటి తీరానికి మరోసారి అదే నాటకాన్ని ప్రత్యక్షంగా ఆడేవారు. 1943 మే 25న 'సస్పెన్స్'లో ఆగ్నెస్ మూర్‌హెడ్ చేసిన 'సారీ, రాంగ్ నంబర్' తూర్పు ప్రసారంలో ఆఖర్న ఒక నటుడు అందుకోవాల్సిన మాట తప్పడంతో ముగింపే అర్థం కాలేదు. పడమటి ప్రసారంలో సరిగ్గా వచ్చింది. ఇలాంటి జంట దొరికితే ఫైలు పేరులో తూర్పు, పడమర అని రాసి రెండూ దాచుకోండి.